అత్తమ్మ మంచానికి కట్టిన బటన్

రిమోట్ ముట్టుకుంటే నేను చెయ్యి కడుక్కుంటాను. ఇంట్లో వాళ్ళు దాన్ని నా చాదస్తం కింద జమకట్టి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. సోఫాలో ఎవరో వదిలేసిన రిమోట్, దాని బటన్ల సందుల్లో ఇరుక్కున్న మురికి, వెనక మూత పోతే అతికించిన ప్లాస్టరు కనిపిస్తే ఇప్పటికీ చెంగుతో పట్టుకుని పక్కన పెడతాను. మొన్న మా హాల్లో కొత్త టీవీ, స్పీకర్లు బిగించడానికి ఒకతను వచ్చాడు. "మేడం, అన్నిటికీ కలిపి ఒక్కటే రిమోట్ కావాలంటే రెండు తీర్లున్నయ్. బజార్ల దొరికే యూనివర్సల్ తీసుకోవచ్చు. లేకుంటే మీ ఇంటికి తగ్గట్టు మేమే చేసి బిగిస్తం" అని వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. అదేదో నిన్న మొన్న కనిపెట్టిన సంగతైనట్టు చెబుతున్నాడు. ఆ రెండు రకాలనీ నేను బూర్గంపాడులో మా అత్తగారింట్లో, ఒకే గదిలో, ఒకే టీవీ మీద చూశాను. కేబుల్ కొత్తగా వచ్చిన రోజులవి, తొంభైల నడిమధ్య.

మా అత్తగారిది మిర్చి పండించే ఇల్లు. మామగారి తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున భూములు కొని స్థిరపడ్డాడట. నేను కాపురానికి వచ్చేనాటికే మామగారు లేరు. అత్తమ్మ, ఆమె ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళం. పెద్దకొడుకు, అంటే మా బావగారు, ఇంటి పెత్తనమంతా ఆయనదే. మా ఆయన చిన్నవాడు. ఆయనకు పెత్తనమూ లేదు, నోరూ లేదు. నా తోటికోడలు వంటిల్లు తన వాటాకు తీసుకుంది. మంచాన పడ్డ అత్తమ్మ నా వాటాకు వచ్చింది.

అత్తమ్మకు పక్షవాతం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి కుడిపక్కంతా పోయింది. రెండోసారి ఎడమ చెయ్యి కూడా నీరసించి, బొటనవేలూ దాని పక్కనున్న రెండు వేళ్ళూ మాత్రం కదిలేవి. మాట ముద్దగా వచ్చేది. నాకు కొంత అర్థమయ్యేది, మిగతావాళ్ళు అర్థం చేసుకోవాలని ప్రయత్నించేవాళ్ళు కాదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు, ఆ వేళ్ళకు పని చెబుతూ ఉండండి, లేకపోతే అవీ పోతాయి అన్నాడు.

ఇక టీవీ ఆమె గదిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మిరపకాయ కోతలయ్యాక మా హాల్లో కాలు పెట్టడానికి సందుండేది కాదు. కళ్ళంలో ఎండిన కాయ తెచ్చి కుప్పపోసి, తాలుకాయ ఏరి పక్కన పడేసి, మంచిదాన్ని బస్తాలకెత్తేవారు. ఘాటుకు ఇల్లంతా తుమ్ములే. టీవీ మెకానిక్ వచ్చి సెట్టు వెనక రేకు విప్పి చూసి, "గీ మిరప దుమ్ము లోపటికి పోయి కూసున్నది పటేలా. ఇట్లనే ఉంచితే ట్యూబు పోతది" అన్నాడు. ఘాటు చొరబడని గది ఇంట్లో ఒక్కటే ఉంది. అది వెనకవైపు, అత్తమ్మ పడుకునే గది. ఆమె మంచానికి కాళ్ళవైపు గోడకు బల్ల వేసి టీవీ అక్కడ పెట్టారు. "అమ్మకు గూడ పొద్దు పోతది" అన్నాడు బావగారు. ఆయన్ని "అన్నారు" అని రాయాలి, మర్యాద అది. ఆ మర్యాద ఎందుకు తీసేశానో చదివితే మీకే తెలుస్తుంది.

బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు వెళ్ళిపోయాయి. హాలు ఖాళీ అయింది. టీవీ మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది, ఎందుకంటే మట్టిగోడల గది, చల్లగా ఉంటుంది. కేబుల్ ఉన్న ఇళ్ళు మా వీధిలో రెండో మూడో. క్రికెట్ ఉందంటే వీధిలో మగవాళ్ళంతా మా ఇంట్లోనే. తలుపు దగ్గర్నుంచి మంచం తలవైపు దాకా కుర్చీలు, బస్తా పట్టాలు. వాళ్ళకు కనపడేది టీవీ, దాని ముందు అత్తమ్మ నెత్తి. ఆమె మొహం ఎవరికీ కనపడేది కాదు.

ఎంత అసహ్యంగా ఉండేదో చెబితే అన్నం తినేవాళ్ళు తినడం మానేస్తారు. కిటికీలోంచి ఉమ్మేసేవాళ్ళు, సగం ఊచలకే అంటేది. ఆమె మాత్రల డబ్బా మూతలో సిగరెట్ నుసి రాల్చేవాళ్ళు. మిరపకాయ బజ్జీల నూనె చేతులు ఆమె దుప్పటి అంచుకు తుడిచినవాడిని నా కళ్ళతో చూశాను, అతను వీధిలో పెద్దమనిషి. అదే గదిలో అత్తమ్మ తిండీ, మందులూ, ఒంటికీ రెంటికీ కూడా. బట్ట తడిసిందని ఆమె మొహం చూస్తే నాకు తెలిసిపోయేది. నేను తలుపు దగ్గర నిలబడి, "బావగారూ, ఒక్కసారి అందరూ బయటికి వస్తే అత్తమ్మకు గుడ్డ మారుస్తాను" అనేదాన్ని.

"యాడ్స్ వస్తయ్ గదమ్మా. అప్పుడు మారుద్దువు" అనేవాడు ఆయన. తల కూడా తిప్పకుండా.

యాడ్స్ వచ్చేవి. మగవాళ్ళు లేచి వసారాలోకి వెళ్ళేవాళ్ళు, అందరూ కాదు, కాళ్ళు పట్టేసినవాళ్ళు మాత్రమే. మిగతావాళ్ళు మొహం అటు తిప్పుకుంటే చాలదా అన్నట్టు కూర్చునేవాళ్ళు. నేను చీర కొంగు అడ్డం పట్టి, సబ్బుల పాటలు వినిపిస్తుండగా, నా అత్తగారికి గుడ్డ మార్చేదాన్ని. ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. ఊళ్ళో ఎవరికీ తల వంచకుండా బతికిన మనిషి, వరినాట్లకు వచ్చిన కూలీలకు గట్టు మీద నిలబడి తనే అన్నం వడ్డించిన మనిషి.

ప్లగ్గు పీకెయ్యొచ్చుగా అంటారు. ఒకసారి పీకాను. పదిమంది ముందు పరువు తీసిందని బావగారు సత్తుపల్లిలో మా పుట్టింటికి కబురు పంపాడు. మా నాన్న బస్సెక్కి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, చిన్నపిల్ల, తెలియక చేసింది అని చెప్పి వెళ్ళాడు. మా ఆయన ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. మ్యాచ్ చూసేవాళ్ళలో ఆయనా ఒకడే కదా.

ఆ టీవీ మొదట్లో రిమోట్ ఉన్నది కాదు. ముందు బటన్లు నొక్కి తిప్పుకునే పాత సెట్టు. కేబుల్ వచ్చాక చానెల్ మార్చాలన్నప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, మంచం పక్కనుంచి దాటుకుని వెళ్ళాలి. అది వాళ్ళకు కష్టమైంది. ఆ రోజుల్లో పాత టీవీలకు రిమోట్ కిట్టు బిగించేవాళ్ళు. లోపల ఒక చిన్న బోర్డు, ముందు ఒక ఎర్రటి కన్ను, చేతికొక రిమోట్. మెకానిక్ దాన్ని బిగించి వెళ్ళాడు. నూనె చేతులతో అందరూ నొక్కీ నొక్కీ ఆ రిమోట్ జిడ్డు పట్టి నల్లబడింది. లోపల రబ్బరు అరిగి ఒక్కొక్క బటనే చచ్చిపోయింది. చివరికి ఆన్, ఆఫ్ చేసే ఎర్రబటన్ ఒక్కటి మిగిలింది.

మెకానిక్ మళ్ళీ వచ్చాడు. సాయిబు, వాళ్ళ నాన్న కాలం నుంచి రేడియోలు బాగుచేసే కుటుంబం. గొప్పవాడేం కాదు. నోట్లో ఎప్పుడూ గుట్కా, కబుర్లు ఎక్కువ, వెళ్ళాక గచ్చు మీద సీసం చుక్కలు నేనే గీకాల్సి వచ్చేది. "గీ కిట్టుకు జోడు రిమోట్ ఇప్పుడు దొరకదక్కా. కంపెనీ బంద్ అయింది" అన్నాడు.

"ఆ ఎర్రబటన్ పనిచేస్తుందిగా" అన్నాను.

"అవ్. గదొక్కటే చేస్తది. గదానితోని ఏం జేస్తరు?"

నేను అత్తమ్మ చెయ్యి చూపించాను. ఆ రిమోట్‌ను ఆమె పట్టుకోలేదు, బరువు. ఆ బటన్ ఆమె వేలికి చాలా చిన్నది. కాలింగ్ బెల్లు బటన్‌లాంటిది ఏదైనా పెట్టగలవా అని అడిగాను. అతనికి హుషారొచ్చింది. ఆమె మీద జాలితో కాదు, ఇలాంటిది ఇంతవరకు చెయ్యలేదని. రిమోట్ మూత విప్పి ఎర్రబటన్ కింద రెండు తీగలు అతికించాడు. ఆ తీగలను మంచం కోడు వెంబడి తెచ్చి, చివర తెల్లటి కాలింగ్ బెల్లు బటన్ కట్టాడు. రిమోట్‌ను మంచం అవతలి గోడకు, టీవీ కన్నుకు తగిలేలా మేకులేసి నిలబెట్టాడు. ఇదంతా ఎందుకంటూ బావగారు వచ్చాడు. "డాక్టరుగారు వేళ్ళకు పని చెప్పమన్నారు కదండీ" అన్నాను. వేళ్ళ కసరత్తు అనగానే ఆయన సరే అనేశాడు.

బటన్‌ను ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు దాని చుట్టూ ముడిచాను. ఎందుకో చెప్పాను. ఆమె బొటనవేలు వణికింది, జారింది, మళ్ళీ ఎక్కింది, నొక్కింది. టీవీ ఆరిపోయింది. గది ఒక్కసారి ప్రశాంతమైంది. కొట్టంలో గేదె గడ్డి నమలడం వినిపించింది. అత్తమ్మ నా వైపు చూసి, మూతి ఎడమపక్కన మాత్రమే కదిలే ఆ నవ్వు నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇద్దరికీ పండగే. మ్యాచ్ మధ్యలో టక్కున టీవీ ఆరిపోయేది. అంటే ఆమెకు అవసరం పడింది. నేను తడిగుడ్డ, బకెట్టు తీసుకుని వచ్చేసేదాన్ని. వాళ్ళు గొణుక్కుంటూ లేచేవాళ్ళు. ఎందుకు లేచేవాళ్ళంటే, టీవీ మళ్ళీ పెట్టాలంటే ఎవరో ఒకరు సెట్టు దాకానో ఆ గోడ దాకానో నడవాలి. నడిస్తే మంచం దాటాలి. దాటితే ఆమె మొహం చూడాలి. అంత ధైర్యం వాళ్ళలో ఎవరికీ లేదు. నేను తలుపు వేసుకుని, తీరుబడిగా ఒళ్ళు తుడిచి, పౌడరు వేసి, జుట్టు దువ్వి, అప్పుడు తీసేదాన్ని. అన్నం కూడా ఎక్కువ తినేది ఆ రోజుల్లో.

బావగారు ఒక పని మీద ఖమ్మం వెళ్ళి, వస్తూ యూనివర్సల్ రిమోట్ కొనుక్కొచ్చాడు. అట్టకు అతికించిన ప్లాస్టిక్ డొప్పలో తళతళలాడుతూ ఉంది. అన్నం వడ్డించే గరిటంత పొడవు, దాని నిండా రంగురంగుల బటన్లు. ఏ కంపెనీ టీవీకైనా పనిచేస్తుందట. దాంతోపాటు చీమల్లాంటి అంకెలతో ఒక కాయితం. మన టీవీకి ఏ అంకెలు సరిపడతాయో వెతుక్కుని కొట్టాలి. మాది పేరు తెలియని కిట్టు కాబట్టి కాయితంలో దాని అంకె లేదు. అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఉన్న అంకెలన్నీ వరసపెట్టి కొట్టారు. ఒకసారి బొమ్మ పచ్చగా అయింది. ఒకసారి సౌండు మొత్తం పెరిగిపోయి గది అదిరింది, తగ్గించే బటన్ ఏదో తెలియక వెతుకుతున్నారు. పక్కనే మంచంలో మనిషి ఉందని గుర్తు లేదు. చివరికి మెకానిక్‌ను పిలిపించారు. అతను అదే హుషారుతో సాయంత్రమంతా కూర్చుని అంకె పట్టుకున్నాడు. నేను కాఫీ ఇస్తూ అతని వంక ఒక చూపు చూశాను. "నేనేం జేస్తనక్కా, నాకు గదీ పనే, గిదీ పనే" అన్నాడు.

ఆ రోజు నుంచి తలుపు దగ్గర కుర్చీలో కూర్చునే బావగారికి లేవాల్సిన పని లేకుండా పోయింది. ఆమె నొక్కుతుంది, టీవీ ఆరుతుంది. ఆయన వెనకనుంచి నొక్కుతాడు, వెలుగుతుంది. నేను వంటింట్లోంచి వచ్చేలోపే వెలిగిపోయేది. మళ్ళీ ఆమె నొక్కేది. మళ్ళీ ఆయన. పిల్లలాటలా ఉందని వెనక ఎవరో నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. బజార్లో కొన్న ఆ వస్తువులో నాకు అసహ్యం పుట్టించింది అదే. ఎవరింట్లోనైనా పనిచేస్తుంది, ఎంత దూరాన్నుంచైనా పనిచేస్తుంది, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

కొన్నాళ్ళకు టీవీ ఆరడం మానేసింది. అత్తమ్మ నొక్కడం మానేసిందేమో, ఓపిక తగ్గిందేమో అనుకున్నాను. ఒకరోజు పక్కనే కూర్చుని చూస్తే నొక్కుతూనే ఉంది. నొక్కుతోంది, టీవీ వంక చూస్తోంది, మళ్ళీ నొక్కుతోంది. తీగ ఊడిందేమోనని గోడ దగ్గరికెళ్ళి రిమోట్ వెనక మూత తీశాను. సెల్లులు లేవు.

బావగారిని అడిగాను. దాపరికం కూడా లేదు ఆయనకు. "నా రిమోట్ల సెల్లులు అయిపోయినయ్. దుకాణం బంద్ ఉండె. గా గోడ రిమోట్ల నుంచి తీసేసిన" అన్నాడు.

"మరి అత్తమ్మ బటన్?"

"ఒత్తుకోనీ. వేళ్ళకు కసరత్తు గావాలంటివి గద. కసరత్తు అయితనే ఉన్నది" అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు. ఆయన పేపరు మడత మార్చి చదువుకున్నాడు.

పచ్చి అబద్ధాన్ని ఆమె చేతిలో పెట్టి, ముడిచి, దాన్ని కసరత్తు అన్నాడు. ఎన్నాళ్ళు నొక్కిందో. తడిలో పడుకుని, ఇప్పుడు ఆరుతుంది, ఇప్పుడు నా కోడలు వస్తుంది అని ఎన్నిసార్లు నొక్కిందో. ఆ రోజు నాకు ఆ ఇంట్లో అన్నం సహించలేదు. మా ఆయన పక్కన పడుకోవడం కూడా రోతగా అనిపించి, చాప తీసుకుని అత్తమ్మ గదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడే నేను సెల్లులు తెప్పించి గోడ రిమోట్‌లో వేసి, మూత మీద గట్టిగా టేపు చుట్టాను. ఆ ఆదివారం మ్యాచ్. గది నిండిపోయింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు టీవీ ఆరిపోయింది. బావగారు వెలిగించాడు. ఆరిపోయింది. వెలిగించాడు. ఆరిపోయింది. నేను బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళడానికి దారి ఇవ్వరు.

"ఏందన్నా ఇది, కరెంటా?" అన్నాడు ఆ రోజే కొత్తగా వచ్చిన ఒకతను.

"కిట్టు ఖరాబైంది" అన్నాడు బావగారు. అమ్మ నొక్కుతోందని చెప్పడానికి నోరు రాలేదు.

మళ్ళీ ఆరిపోయింది. ఈసారి ఆయన కుర్చీలోంచి లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె మంచాన పడ్డాక ఆయన కారు మాట్లాడాడు, డాక్టరును పిలిపించాడు, మందులు తెప్పించాడు. ఆమె ఒంటి మీద చెయ్యి వెయ్యడం మాత్రం నేను ఒక్కరోజూ చూడలేదు. ఇప్పుడు వంగి ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. బటన్ లాక్కోవడానికే. గదిలో అందరికీ తెలుసు ఆ సంగతి. ఆమెకే తెలియలేదు.

కొడుకు చెయ్యి తన చేతి మీద పడగానే అత్తమ్మ కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. బటన్ వదిలేసింది. అది తీగతో సహా మంచం పక్కకు జారి వేలాడింది. ఆ కదిలే మూడు వేళ్ళతో ఆయన వేలు పట్టుకుంది. "పెద్దోడా" అంది. నాకు తెలిసింది. మిగతావాళ్ళకు మూలుగులా వినిపించి ఉంటుంది.

ఆయన కాసేపు అలా వంగే ఉన్నాడు. ఆయనకూ తెలిసిందనే నేను అనుకున్నాను. ఇంతలో ఎవరో ఆయన కుర్చీలో ఉన్న రిమోట్ తీసుకుని టీవీ వెలిగించారు. ఎవరో అవుటయ్యారు, గదంతా గోల చేసింది. ఆయన తల తిప్పి టీవీ చూశాడు. టీవీ చూస్తూనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, తన వేలు తీసుకుని వెళ్ళి కూర్చున్నాడు.

నేను బకెట్టు కింద పెట్టి, మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేశాను. "బయటికి పోండి అందరూ" అన్నాను. మా నాన్నకు మళ్ళీ కబురు పెట్టుకోమన్నాను. ఒకరొకరే లేచి వెళ్ళారు, మా ఆయనతో సహా. తలుపు వేసి ఆమెకు గుడ్డ మార్చాను. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. తలుపు వంకే చూస్తోంది.

మళ్ళీ ఆదివారానికి కుర్చీలూ టీవీ మామూలే. తర్వాత నేను ఆ బటన్‌ను ఎన్నిసార్లు ఆమె చేతిలో పెట్టినా వేళ్ళు ముడవలేదు. పోయేదాకా మళ్ళీ దాన్ని నొక్కలేదు. టీవీ మోగుతుంటే, తడిసిన గుడ్డలోనే పడుకుని, ఆ ఎడమ చేతిని మంచం అంచు మీద వెల్లకిలా పెట్టి ఉంచేది, ఆయన కూర్చునే కుర్చీ వైపుకు.